పాత ఫొటోలో 25 పౌండర్ ఫిరంగిని లాగుతున్న బండి ఏది?

రేగడి_ఆల్బమ్:
రెండో ప్రపంచ యుద్ధంలో ఉత్తర ఆఫ్రికాలో తీసిన ఫొటోల ఆల్బమ్ ఒకటి నా దగ్గరుంది. అందులో ఒక ఫొటో గురించి అడుగుతున్నాను. ఇసుక నేల మీద పొట్టిగా, దిట్టంగా ఉన్న నాలుగు చక్రాల బండి. వెనక భాగం తాబేలు వీపులా వాలుగా దిగిపోయింది. దాని వెనక ఒక చిన్న పెట్టె బండి, దాని వెనక ఫిరంగి. ఫిరంగి తోక కింద గుండ్రటి చట్రం ఒకటి కట్టి ఉంది. బండి మీద నంబరు 'హెచ్'తో మొదలవుతుంది. ఫొటో వెనక పెన్సిల్‌తో "మోరిస్ క్వాడ్, 1941 జనవరి" అని రాశారు. క్వాడ్ అంటే ఫిరంగులు లాగే బ్రిటిష్ బండి. కానీ క్వాడ్ ఫొటోలు పక్కన పెట్టి చూస్తే ముఖం కలవడం లేదు. ఈ బండి ముందు అద్దం పైఅంచు ముందుకొచ్చి, కింది అంచు లోపలికి పోయింది. ఇది ఏ బండో చెప్పగలరా?

పాత_ఇరుసు:
అద్దం సంగతి మీరు గమనించారు కాబట్టి సగం పని అయిపోయింది. నేనైతే ఇలాంటి ఫొటోల్లో ముందు బండిని చూడను, అది లాగుతున్నదాన్ని చూస్తాను. బండ్ల బాడీలు మారుస్తారు, టార్పాలిన్ కప్పుతారు. ఫిరంగి అంత తేలిగ్గా మారదు. మీరు చెప్పిన గుండ్రటి చట్రం 25 పౌండర్‌ది. దాన్ని కింద పరిచి ఫిరంగిని పైకెక్కిస్తే, తోక పట్టుకుని ఎటు కావాలంటే అటు తిప్పవచ్చు. మధ్యలోది లింబర్, అందులో 32 గుండ్లు పడతాయి. నంబరు ముందు 'హెచ్' అంటే బ్రిటిష్ లెక్కలో ట్రాక్టర్ల వరస, లారీలకైతే 'ఎల్' ఉంటుంది. అంటే ఇది ఫీల్డ్ ఆర్టిలరీ ట్రాక్టర్, అంటే ఫిరంగులు లాగే బండి, అనుమానం లేదు.

ఇక ఏ కంపెనీది అన్నది. వాలు వీపు చూసి ప్రతిదాన్నీ క్వాడ్ అనేస్తుంటారు, నాకు చాలా బాధగా ఉంటుంది. గై, కారియర్ అనే బ్రిటిష్ కంపెనీలు కూడా అదే వీపుతో బండ్లు కట్టాయి, కెనడా వాళ్లూ కట్టారు. తేడా ముఖంలో ఉంటుంది. పైఅంచు ముందుకు వాలిన అద్దం కెనడా మిలిటరీ ప్యాటర్న్ బండ్లలో (కెనడాలో సైన్యం కోసం ఒకే నమూనాతో కట్టినవి) 13వ నంబరు క్యాబిన్ గుర్తు. ఎండకు అద్దం తళుక్కుమని విమానాలకు కనబడకూడదని అలా వాల్చారు. ఆ క్యాబిన్ తయారీ మొదలైందే 1941 చివర్లో. కాబట్టి పెన్సిల్ రాతలో బండి పేరూ తప్పే, తేదీ కూడా తప్పే.

కొండగుర్తు:
ఫిరంగి గొట్టం కొస కనబడుతోందా? అక్కడ మజిల్ బ్రేక్ (పేల్చినప్పుడు ఫిరంగి వెనక్కి తన్నడాన్ని తగ్గించే తొడుగు) ఉంటే ఫొటో 1942కి ముందుది కాదు. అది లేదని మాత్రం తేదీ వెనక్కి జరపకండి, అన్నిటికీ ఒకేసారి బిగించలేదు.

ఇంకోటి, స్టీరింగ్ ఎటుందో చూడండి. నెగెటివ్ తిరగేసి ప్రింట్ చేసిన ఫొటోలు చాలా ఉంటాయి. ఈ బండికి స్టీరింగ్ కుడివైపే.

రేగడి_ఆల్బమ్:
కొస ఫొటో అంచు దగ్గర తెగిపోయింది. నంబరు తిన్నగానే చదవగలుగుతున్నాను, స్టీరింగ్ కుడివైపే ఉంది. మడ్‌గార్డ్ మీద రెండు రంగుల చతురస్రం ఉంది, పైసగం ముదురుగా, కిందిసగం లేతగా. అది ఏ రెజిమెంటో తెలుస్తుందా? బండి ఫోర్డా, షెవర్లేనా?

పాత_ఇరుసు:
పైన ఎరుపు, కింద నీలం అయితే అది బ్రిటిష్ సైన్యపు ఫిరంగి దళం రాయల్ ఆర్టిలరీ గుర్తు. కొన్ని పాత ఫిల్ములకు ఎరుపు సరిగా పట్టదు, అందుకే నల్లగా వస్తుంది, నీలం తెల్లబడుతుంది. మీ ఫొటోలో జరిగింది అదే అయ్యుండాలి. రెజిమెంట్ తెలియాలంటే ఆ చతురస్రం మీద తెల్ల అంకె దొరకాలి. పెద్ద రిజల్యూషన్‌లో స్కాన్ చేసి ఆ ముక్క మాత్రం పెట్టండి.

ఫోర్డ్ అయితే ఎఫ్‌జీటీ, వీ8 ఇంజిన్. షెవర్లే అయితే సీజీటీ, వరస ఆరు సిలిండర్లు. క్యాబిన్ మాత్రం ఇద్దరిదీ ఒకటే, ఈ కోణంలోంచి చూసి ఏదో ఒకటి చెప్పేయడం నాకిష్టం లేదు. ప్రస్తుతానికి "కెనడా మిలిటరీ ప్యాటర్న్ గన్ ట్రాక్టర్, 13వ నంబరు క్యాబిన్, 25 పౌండర్‌తో, 1942 లేదా ఆ తర్వాత" అని వేరే చీటీ మీద రాసి పక్కన పెట్టండి. పెన్సిల్ రాతను మాత్రం చెరపకండి. మిగతా ఫొటోల వెనక అదే చేతిరాత ఉంటే, ఆ తేదీలు కూడా ఒక్కొక్కటిగా చూద్దాం.