వాడుకునే కప్పు మీద చేసినవాళ్ల చేతి గుర్తులు ఉండాలా?

లాసన్స్‌బే:
బీచ్ రోడ్డు స్టాల్లో స్టూడియో పాటరీ కప్పులు, అంటే చిన్న స్టూడియోల్లో చేత్తో చేసినవి, చూశాను. ఒక్కటీ సరిగ్గా గుండ్రంగా లేదు. వేళ్ల గీతలు అలాగే ఉన్నాయి, గ్లేజ్, అదే పైన గాజులా మెరిసే పూత, ఒకవైపు జారి గడ్డకట్టింది. రేటు మాత్రం మామూలు కప్పుకి నాలుగైదు రెట్లు. బొమ్మ చేయాలనిపిస్తే బొమ్మే చేయండి. టీ తాగే కప్పులో మీ భావాలు మాకెందుకు?

మట్టిచేతులు:
మధురవాడలో చిన్న స్టూడియో నడుపుతున్నాను, కాబట్టి జవాబు చెప్పాల్సింది నేనే. ఆ గీతలు తర్వాత దిద్దినవి కావండి. తిరిగే సారె మీద మట్టిని పైకి లాగేటప్పుడు వేలి ఒత్తిడికి పడే చుట్లు. స్పాంజితో తుడిస్తే పోతాయి. నేను బయటివైపు కావాలనే ఉంచుతాను, తడిచేత్తో పట్టుకున్నా కప్పు జారదు. పిడి అతికే చోట రెండువైపులా గీతలు గీసి, పల్చటి మట్టి రాసి, బొటనవేలితో గట్టిగా నొక్కుతాను. ఆ నొక్కు కాల్చాక కూడా కనిపిస్తుంది. చూసేవాళ్లు డిజైన్ అనుకుంటారు. అక్కడ సరిగ్గా అతకకపోతే ఆరేటప్పుడే పగులొస్తుంది. అందం ఒకచోట, పని ఒకచోట అని విడదీయడం నాకు చేతకాదు.

పులుసుగిన్నె:
కప్పు వరకు సరేనండి, గిన్నెల సంగతేంటి? మా ఇంట్లో ఒకటుంది, లోపలంతా గరుగ్గా చెక్కినట్టు ఉంటుంది. ఒక్కసారి చేపల పులుసు పోశాం, పసుపు మరక ఎంత తోమినా పోలేదు. అదే ఆవకాయ జాడీ చూడండి. లోపల నున్నగా, ఉప్పూ కారం ఏడాదంతా ఉన్నా చెక్కు చెదరదు. దాని మీద ఎవరి ముద్రా లేదు. ఇంట్లో వాడుకునే వస్తువంటే అదీ.

మట్టిచేతులు:
ఆ గిన్నె విషయంలో తప్పు దాన్ని తయారుచేసినవాళ్లదే. బయట మా ఇష్టం, లోపల మాత్రం తినేవాళ్లదే హక్కు. ఇంకో మాట, మరక కన్నా ముఖ్యమైనది. రాగి ఎక్కువ వేసిన పచ్చ గ్లేజ్ సరిగ్గా కుదరకపోతే పులుపు తగిలినప్పుడు లోహం వదులుతుంది. నిమ్మచెక్క రాత్రంతా ఆనించి ఉంచండి. రంగు మారితే అందులో పులుసు, మజ్జిగ పోయకండి. మారకపోయినా అనుమానం ఉంటే ల్యాబ్ టెస్టే దారి.

కానీ జాడీ దగ్గరే ఆగిపోదామంటే ఒప్పుకోను. ఇంగ్లిష్ కుమ్మరి బెర్నార్డ్ లీచ్, జపాన్ కుమ్మరి హమాదా షోజీ కలిసి 1920లో ఇంగ్లండ్‌లోని సెయింట్ ఐవ్స్‌లో పాటరీ పెట్టారు. తర్వాత అక్కడ రోజువారీ వాడకానికి కప్పులు, గిన్నెలు వరసగా చేశారు. చేత్తో చేసినవని చూస్తేనే తెలుస్తుంది, అయినా అన్నీ వాడుకోవడానికే. 1950లలో లాస్ ఏంజిలెస్‌లో అమెరికన్ కుమ్మరి పీటర్ వోల్కస్ కుండల్ని కోసి, చీల్చి, ఒకదానిపై ఒకటి పేర్చి శిల్పాలు చేశాడు. అదీ గొప్ప పనే, ఎవరూ అందులో నీళ్లు పోయమనరు. శిల్పం చేసి కప్పని అమ్మడం దగ్గరే నా పేచీ.

లాసన్స్‌బే:
మరి రేటు? కొనేటప్పుడు ఏం చూడాలి?

మట్టిచేతులు:
ఒక్కో కప్పు రెండుసార్లు కాలుతుంది. రెండోసారి, స్టోన్‌వేర్ (ఎక్కువ వేడిలో గట్టిగా కాల్చే రకం) అయితే, 1200 డిగ్రీలు దాటాలి. పగిలినవి, గ్లేజ్ కారి బట్టీలోని షెల్ఫ్‌కి అతుక్కుపోయినవి కూడా మిగిలినవాటి రేట్లోనే కలుస్తాయి. అలాగని వంకర పనికి డబ్బివ్వమనను. అంచు మీద వేలు తిప్పండి, పెదవికి గరుకు తగలకూడదు. అడుగు టేబుల్‌ని గీరకూడదు. పిడిలో వేళ్లు పెట్టి, కప్పు నిండా నీళ్లు పోయించుకుని ఎత్తి చూడండి. స్టాల్ వాళ్లు వద్దంటే కొనకండి.

పులుసుగిన్నె:
నీళ్లు పోసి చూడమనడం బాగుంది. నా ఓటు మాత్రం ఇప్పటికీ జాడీకే.