సాలూరు ఘాట్‌లో ఆగిపోయి, 20 నిమిషాలకి మళ్లీ స్టార్టయిన బండి: ఫ్యూయల్ పంపా, ఫిల్టరా?

జయపురం బట్టలకొట్టు

అన్నలందరికీ నమస్కారం. మాది జయపురం. 2012 మోడల్ పెట్రోల్ కారు, 96 వేల కిలోమీటర్లు తిరిగింది. నెలకోసారి అమ్మని కళ్ల డాక్టర్‌కి చూపించడానికి విజయనగరం తీసుకెళ్తాను. పోయిన నెల తిరిగొస్తూ సాలూరు దాటి ఘాట్ ఎక్కుతుంటే బండి లాగడం మానేసింది. యాక్సిలరేటర్ ఎంత తొక్కినా పికప్ లేదు. జర్కులు కూడా లేవు, మెల్లగా నీరసపడిపోయి రెండు మలుపుల తర్వాత ఆగిపోయింది. రాత్రి ఎనిమిదిన్నర, వెనక లారీలు, లోపల అమ్మ. సెల్ఫ్ బాగానే తిరిగింది, ఇంజిన్ అందుకోలేదు. 20 నిమిషాలు ఆగాక మామూలుగా స్టార్టయింది. అప్పటికి ట్యాంకు దాదాపు రిజర్వ్‌లో ఉంది.

ఊళ్లో, బొరిగుమ్మ రోడ్డు మీద ఏ ఇబ్బందీ లేదు. పొద్దున్న మాత్రం సెల్ఫ్ నాలుగైదు సెకన్లు కొట్టాలి. ఇక్కడి మెకానిక్ బండి విప్పకుండానే ఫ్యూయల్ పంపు (ట్యాంకులోంచి ఇంజిన్‌కి పెట్రోల్ తోసేది) పోయింది, తొమ్మిది వేలు అన్నాడు. డబ్బు ఎలాగో సర్దుతాను. మార్చాక కూడా ఘాట్‌లో ఆగితే అమ్మని పట్టుకుని ఏం చెయ్యను?

రాయగడ గ్యారేజీ

తమ్ముడూ, విప్పకుండా పంపు మార్చనివ్వకు. నువ్వు చెప్పినవాటిలోనే సగం జవాబు ఉంది. కాయిల్, ప్లగ్గు గొడవైతే బండి కొట్టుకుంటుంది, చెక్ లైట్ మినుకుతుంది. మెల్లగా నీరసపడిందంటే పెట్రోల్ చాలక కావచ్చు. చదును రోడ్డు మీద ఇంజిన్ తాగేది తక్కువ కాబట్టి ఫిల్టర్ సగం మూసుకున్నా తెలియదు. ఘాట్‌లో రెండో గేరులో ఎక్కేటప్పుడే బయటపడుతుంది.

ఆగాక మళ్లీ స్టార్టవడం వేడి లక్షణం. పంపు ట్యాంకులోనే ఉంటుంది, చుట్టూ ఉన్న పెట్రోలే దాన్ని చల్లబరుస్తుంది. రిజర్వ్‌లో ఘాట్ ఎక్కించడం దానికి శిక్ష. పావు ట్యాంకు కంటే దిగనివ్వకు.

రేపు పొద్దున్న సెల్ఫ్ కొట్టే ముందు కీ ఆన్ చేసి వెనక సీటు దగ్గర చెవి పెట్టు. రెండు సెకన్లు జుయ్‌మని ఆగాలి. అసలు శబ్దం లేకపోతే ముందు ఫ్యూజు, రిలే చూడాలి. శబ్దం ఉంటే అలా మూడుసార్లు కీ తిప్పి అప్పుడు సెల్ఫ్ కొట్టు. వెంటనే అందుకుంటే, రాత్రంతా లైనులో ప్రెషర్ దిగిపోతోందన్నమాట.

ఆ తర్వాత పెట్రోల్ లైనుకి ప్రెషర్ కొలిచే గేజ్ పెట్టించు. ఇలాంటి బళ్లకి సుమారు 3 నుంచి 4 బార్ ఉంటుంది, నీ బండి లెక్క దాని మాన్యువల్‌లో చూడు. స్లోలో సరిపోయి, లోడు మీద పడిపోతే ఫిల్టరో పంపో. లోడు మీద కూడా ప్రెషర్ నిలబడితే పంపుని వదిలేసి సైలెన్సర్ లైనులో పొగని శుభ్రం చేసే కన్వర్టర్ మూసుకుపోయిందేమో చూడాలి. అదీ ఇలాగే నీరసపరుస్తుంది.

ఒకటి చాలామంది మర్చిపోతారు. పంపుకి కరెంటు వైర్లు కలిసే కప్లర్ దగ్గర ఇంజిన్ నడుస్తుండగా వోల్టేజ్ కొలిపించు. బ్యాటరీ దగ్గర 13.8 ఉండి అక్కడ 10 వస్తే తప్పు వైరుది, పంపుది కాదు. పంపు మూత విప్పేముందు లైనులో ప్రెషర్ దించి, బ్యాటరీ నెగెటివ్ తీయాలి. బీడీ కాల్చేవాణ్ణి దగ్గరికి రానివ్వద్దు.

గుణుపురం జీపు

డీజిల్ బళ్లవాళ్లకి ఒక మాట. వానలు పడ్డాక ఫిల్టర్ కింద స్క్రూ వదులు చేసి, గాజు సీసాలో కొంచెం పట్టండి. నీళ్లుంటే అడుగున వేరుగా కనిపిస్తాయి. నీళ్లతో అలాగే నడిపితే హై ప్రెషర్ పంపు, ఇంజెక్టర్లు రెండూ పోతాయి. వాటికి డీజిలే నూనె.

జయపురం బట్టలకొట్టు

రాయగడ అన్నా, కొరాపుట్‌లో గేజ్ ఉన్న ఆయన దగ్గరికి వెళ్లాను. స్లోలో 3.4 బార్, రేస్ చేస్తే 2.1. కప్లర్ దగ్గర 10.6 వోల్టులే వచ్చింది. విప్పితే ఒక పిన్ను నల్లగా కాలిపోయి ఉంది, పంపు అడుగున జాలీకి తుప్పు, మట్టి పట్టి ఉన్నాయి. ట్యాంకు కడిగి, కప్లర్, జాలీ, ఫిల్టర్ మార్చారు. ఇప్పుడు రేస్ చేసినా 3.3 దగ్గర నిలబడుతోంది. పొద్దున్న సెల్ఫ్ మాత్రం ఇంకా కాస్త ఎక్కువే కొట్టాల్సి వస్తోంది.

రాయగడ గ్యారేజీ

అది పంపులోని వాల్వు ప్రెషర్ పట్టడం లేదు తమ్ముడూ. దారిలో ఆపే జబ్బు కాదు, కీ రెండుసార్లు తిప్పి కొట్టు. కానీ మూసుకున్న జాలీతో ఆ పంపు చాలాకాలం లాగింది. వెనక నుంచి సన్నగా ఈలలాంటి శబ్దం మొదలైతే అప్పుడు మార్చు. అమ్మతో వెళ్లేముందు ఒకసారి ఒక్కడివే సుంకి దాకా దిగి, ఫుల్ ట్యాంకుతో ఎక్కి చూడు.