ఫోన్‌లో సెర్బియన్: గుర్తులు ఎగరగొట్టి టైప్ చేయొచ్చా?

చర్చ మొదలుపెట్టినవారు:
నేను సెర్బియన్ నేర్చుకుంటున్నాను. ఆ భాషకు సిరిలిక్ (రష్యన్ తరహా), లాటిన్ (ఇంగ్లీషు తరహా) అని రెండు లిపులు, ఒక్కోదానిలో 30 అక్షరాలు. సెర్బియా 2006 రాజ్యాంగంలో అధికార లిపి సిరిలిక్. ఫోన్‌లో మాత్రం చాలామంది లాటిన్‌లో, అదీ అక్షరాల మీది గుర్తులు తీసేసి కొడతారు. దానికి వాళ్ళు పెట్టుకున్న పేరు ‘ఓషిషానా లాటినిత్సా’, అంటే జుట్టు కత్తిరించేసిన లాటిన్. నేర్చుకునేవాళ్ళు మాత్రం ఈ అలవాటు చేసుకోకూడదని నా గట్టి అభిప్రాయం. ‘కుచా’ అంటే ఇల్లు, ‘కుత్సా’ అంటే కుక్కపిల్ల. లాటిన్‌లో ‘కుచా’లోని సి మీది గుర్తు తీసేస్తే రెండిటి స్పెల్లింగూ ఒకటే. కీబోర్డు దిద్దుతుందిలే అనుకోవడానికీ లేదు, కుక్కపిల్ల కూడా సరైన మాటే కదా!

మొదటి జవాబు:
మీ తపన అర్థమైందండీ, కానీ ఒప్పుకోలేను. మనం ‘చలి’ అని రాసి ‘ౘలి’ అని పలకట్లేదా? ౘ అచ్చులోంచి దాదాపు పోయింది, అయినా ఎవరూ తడబడట్లేదు. పైగా ఎస్సెమ్మెస్ సంగతి చూడండి. మామూలు ఇంగ్లీషు అక్షరాలైతే ఒక మెసేజ్‌లో 160 పడతాయి. సిరిలిక్ అక్షరం గానీ, గుర్తున్న సి గానీ ఒక్కటి చేరిందా, మొత్తం మెసేజ్ హద్దు 70కి పడిపోతుంది. తెలుగు మెసేజ్‌కీ ఇదే లెక్క. ఇక సిరిలిక్ కీబోర్డులో 30 అక్షరాలూ మూడు వరసల్లో ఇరికిస్తే మీటలు సన్నబడి, బొటనవేలు పక్కదాని మీద పడుతుంది.

చర్చ మొదలుపెట్టినవారు:
160, 70 లెక్క నిజమే. కానీ నెట్ చాటింగ్‌లో ఆ హద్దు లేదు కదండీ. ‘చలి’ని మనం చదవడానికి ముందే వేలసార్లు విన్నాం, అందుకే తడబడం. నాకు చాలా సెర్బియన్ మాటలు మొదట కనిపించేదే ఫోన్ తెర మీద. అప్పుడు తప్పుగా చదివితే ఆ తప్పే నాలుకకు పట్టేస్తుంది. అంత దూరం ఎందుకు, మా పిన్ని ఇంగ్లీషు అక్షరాల్లో ‘కె ఎ ఎల్ ఎల్ యు’ నొప్పి అని మెసేజ్ పెట్టింది. కళ్ళో కాళ్ళో తెలియక టెన్షన్‌తో ఫోన్ చేసి అడిగాను.

నేను ముందు సిరిలిక్ పట్టుకోవడానికి ఇంకో కారణం ఉంది. 1818లో సెర్బియన్ నిఘంటువు వేసి, సిరిలిక్‌ను సంస్కరించిన వూక్ కరాజిచ్ పద్ధతి, ఒక శబ్దానికి ఒక అక్షరం. లాటిన్‌లో గుర్తులన్నీ పెట్టినా కొన్ని శబ్దాలకు రెండేసి అక్షరాలు కావాలి. ‘ఇన్యెక్త్సియా’ (ఇంజెక్షన్)లో ‘న్’ వేరు, ‘య’ వేరు. లాటిన్‌లో ఆ రెండూ పక్కపక్కన పడితే, ‘న్య’ అనే ఒకే శబ్దమేమో అనిపిస్తుంది. సిరిలిక్‌లో చూడగానే తెలిసిపోతుంది.

ఇప్పుడు రెండు కీబోర్డులూ పెట్టుకున్నాను. లాటిన్‌లో సి మీద వేలు నొక్కి ఉంచితే గుర్తులున్న అక్షరాలు పైకి వస్తాయి, అరక్షణం పని. మీటలు సన్నమన్నది మాత్రం ఒప్పుకుంటాను. సిరిలిక్‌లో పెద్ద మెసేజ్ అయితే ఫోన్ అడ్డంగా తిప్పి కొడుతున్నాను.