విజిట్ వీసా మీద తమ్మున్ని దుబాయ్ పంపాల్నా, వద్దా?

ఆర్మూర్ అన్న:
మావోడికి 24 ఏండ్లు, పది ఫెయిల్. షట్టరింగ్ పని మంచిగ వస్తది. ఏజెంటు 85 వేలు అడుగుతున్నడు. ముందుగాల విజిట్ వీసా మీద పోవాలెనట, ఆడికి పోయినంక కంపెనీ వీసాకు మారుస్తరట. జీతం 1,200 దిర్హాములు, రూము కంపెనీదే. ఈ వారంల పైసలు కట్టాలె. పోయొచ్చినోళ్లు చెప్పుండ్రి.

పాత దుబాయోడు:
వద్దు తమ్మీ. పది ఫెయిలంటే పాస్‌పోర్టు మీద ఇ.సి.ఆర్. ఉంటది, అంటే గల్ఫ్ కొలువుకు పోయేముందు సర్కారు తనిఖీ కావాలె. కొలువు వీసా మీద పోతే ఈమైగ్రేట్ అనే సర్కారు వెబ్‌సైటుల క్లియరెన్స్ కావాలె, జీతం ఎంతో ఒప్పంద కాగితంల ఉంటది. 10 లక్షల బీమా ఉంటది, రెండేండ్లకు 275 రూపాయలే. విజిట్ మీద పోతే ఇవేవీ ఉండయి. విజిట్ మీద పని చేసుడు ఆడ నేరం, గడువు దాటితే రోజుకు 50 దిర్హాములు ఫైను. 2009ల నేను గిట్లనే దిగిన. సోనాపూర్ క్యాంపుల ఒక్క రూముల పన్నెండు మందిమి. రాత్రి డ్యూటీ చేసెటోడు పగలు నా మంచం మీదనే పండేది, నేనొచ్చేసరికి పరుపు ఇంక వేడిగనే ఉండేది. చెప్పిన జీతం 1,000, చేతిల పెట్టింది 650.

రశీదు రావు:
85 వేలకు రశీదు ఇస్తాడా? లైసెన్సున్న ఏజెంటు 30 వేలు, పైన 18 శాతం జీఎస్టీ, మొత్తం 35,400కి మించి తీసుకోకూడదు.

కడప చిన్నోడు:
మా రాయచోటి పక్క కువైట్ డబ్బుతో లేచిన ఇళ్లు వీధివీధికీ ఉండాయి. వాళ్లంతా రశీదులు చూసుకునే పోయినారా సార్?

రశీదు రావు:
వాళ్ల సంగతి నేను అడగలేదు. ఇతనికి రశీదు ఇస్తాడా, ఇవ్వడా?

ఆర్మూర్ అన్న:
అడిగిన సార్. టికెట్టు, వీసా, మెడికల్, 'పైవాళ్ల ఖర్చు' అని నోటి లెక్క చెప్పిండు. కాగితం మీద రాయడట.

గోదారి గాలి:
పైవాళ్లంటే ఎయిర్‌పోర్టులో సెట్టింగేనండీ, ఇంకేముంది.

పెర్కిట్ పోరడు:
నాకొకటి సమజైతలేదు. వద్దనెటోళ్లంత ఆడ సంపాయించుకొని వచ్చినోళ్లే. పాత దుబాయ్ అన్నా, నువ్వు ఎన్నేండ్లు ఉన్నవు? స్లాబు ఇల్లు కట్టినవా, లేదా? నీ పని అయినంక మాకు నీతులు. ఈడ వానలు పడ్డయంటే మేస్త్రీ పని బందే. ఇంట్ల కూసోని 35,400 లెక్కలు చెప్పుడు అల్కనే.

రశీదు రావు:
అది నా లెక్క కాదు, ప్రభుత్వం పెట్టిన నియమం.

పాత దుబాయోడు:
పదకొండేండ్లున్న. ఇల్లు కట్టిన. ఆ ఇంట్ల నేను ఎన్ని రాత్రులు పండిన్నో కూడ అడుగు. మా అమ్మ సచ్చిపోతే రానియ్యలే, పాస్‌పోర్టు కంపెనీ దగ్గర. వాట్సాప్ వీడియో కాల్ ఆడ కలవది. మా తమ్ముడు ఫొటోలు పంపిండు. కాష్టం ఫొటో ఎప్పుడన్న చూసినవా నువ్వు?

పెర్కిట్ పోరడు:
తప్పైంది అన్నా. గని మాకు తొవ్వ ఏది మరి?

పాత దుబాయోడు:
పోవద్దని అంటలేను. విజిట్ మీద వద్దంటున్న. హైదరాబాద్‌ల టామ్‌కామ్ ఉంది, బయటి దేశాల కొలువులు ఇప్పిచ్చే సంస్థ, సర్కారుదే. ఆడ పేరు రాయించుండ్రి. లేకపోతే ఏజెంటు లైసెన్సు నంబరు అడుగుండ్రి, ఈమైగ్రేట్‌ల కొడితే ఉన్నదో లేదో తెలుస్తది.

ఆర్మూర్ అన్న:
అసలు ముచ్చట చెప్త. వీసా అనేది సాకు. అప్పు నా పేరు మీద తేవాలె, నూటికి రెండు రూపాయల మిత్తి. నెలకు 1,700 నేనే కట్టాలె. మా ఇంటామె పుస్తెలతాడు ఇయ్యనంటున్నది. మా వోడేమో, "నాయిన నిన్ను డిగ్రీ చదివిచ్చిండు, నన్ను తాపీ పనికి తోలిండు. ఆ పైసలే ఇప్పుడు ఇయ్యి" అంటున్నడు. ఏం జెప్పాలె?

కడప చిన్నోడు:
ఆ మాటలో తప్పేముందన్నా?

రశీదు రావు:
అప్పుకైనా కాగితం రాయించుకోండి.

ఆర్మూర్ అన్న:
వానికి ఇదంత చదివి వినిపించిన. గప్‌చుప్‌గ విన్నడు. ఆఖరుకు, "పాత దుబాయ్ అన్న ఇల్లు ఎన్ని లక్షలల్ల కట్టిండో అడుగు" అన్నడు.