పొలం కొనేముందు బోర్ల వివరాలు ఆన్‌లైన్‌లో ఎక్కడ చూడాలి?

బుడ్డశనక్కాయ:
కదిరి దగ్గర ఐదెకరాల చిల్లర పొలం బేరానికి వచ్చింది. మూడు బోర్లున్నాయి. ఒకటి ఎండిపోయిందని వాళ్లే ఒప్పుకున్నారు, మిగతా రెండూ రెండించుల నీళ్లు పోస్తాయంటున్నారు. మేం వెళ్లినప్పుడు మోటారు వేసి చూపించారు, బాగానే పోసింది. కానీ అది నవంబరు, పక్కనే చెరువు నిండి ఉంది. ఏప్రిల్‌లో ఏం పోస్తుందో ఎవరికి తెలుసు? ఊళ్లో అడిగితే అందరూ అమ్మేవాళ్ల చుట్టాలే. సర్వే నంబరు కొడితే బోరు ఎప్పుడు వేశారు, ఎన్ని అడుగులు, నీళ్లు ఎక్కడ తగిలాయి అని చూపించే ప్రభుత్వ సైటు ఏదైనా ఉందా? నేనుండేది బెంగళూరులో, వారం వారం వెళ్లి చూసే వీల్లేదు.

పాలమూరు పోరడు:
అట్లాంటి సైటు మన రెండు రాష్ట్రాల్లో నాకైతే ఎక్కడా కనపడలేదన్నా. 2002లో నీరు, భూమి, చెట్ల రక్షణకు వాల్టా చట్టం వచ్చింది. దాని ప్రకారం కొత్త బోరుకు అనుమతి తీసుకోవాలి, ఉన్న బావుల్ని రిజిస్టర్ చేయించాలి, బోరు బండికి కూడా రిజిస్ట్రేషన్ ఉండాలి. ఊరి తాగునీటి బోరుకు 250 మీటర్ల లోపల వేయాలంటే ఇంకా కట్టుదిట్టం. చట్టంలో అన్నీ బాగానే ఉన్నాయి. అసలు జరిగేదేంటంటే, రాత్రి బండి వస్తది, తెల్లారేసరికి బోరులో కేసింగ్ పైపు దించి పోతది. ఇంక కాగితం ఎక్కడిది? మీసేవలో దరఖాస్తు పెట్టి వేయించిన బోర్లకు ఫైలు ఉంటుంది గానీ అది తహసీల్దారు ఆఫీసు బీరువాలో ఉంటుంది.

నీటిమట్టం రిటైర్డ్:
ముప్పై ఏళ్లకు పైగా ఈ పనే చేశాను కాబట్టి నాలుగు మాటలు. మీ బోరు వివరాలు ఆన్‌లైన్‌లో దొరకవు, పైన తమ్ముడు చెప్పింది నిజమే. దొరికేది మీ చుట్టుపక్కల నేల కింద నీటిమట్టం ఏళ్ల తరబడి ఎలా నడిచిందన్న లెక్క. ఇందుకోసం భూగర్భజల శాఖ ప్రత్యేకంగా తవ్వించిన పరిశీలక బోర్లున్నాయి, వాటిని పీజోమీటర్లంటారు. వీటికి మోటారు ఉండదు, మట్టం కొలవడానికే. 1990ల చివర్లో హైడ్రాలజీ ప్రాజెక్టు కింద చాలా చోట్ల వేశారు. కాబట్టి కొన్నింటికి పాతికేళ్ల పైబడి రికార్డు దొరుకుతుంది.

మీది ఆంధ్ర కాబట్టి ముందు ఏపీడబ్ల్యూఆర్ఐఎంఎస్ అనే రాష్ట్ర జలవనరుల పోర్టల్ చూడండి. తర్వాత కేంద్రం వాళ్ల జలవనరుల సైటు ఇండియా-డబ్ల్యూఆర్ఐఎస్. కేంద్ర భూగర్భజల మండలి బావుల్లో మామూలుగా ఏడాదికి నాలుగుసార్లు కొలుస్తారు: జనవరిలో, వానలకు ముందు ఎండాకాలంలో, ఆగస్టులో, నవంబరులో. ఆటోమేటిక్ రికార్డర్లు పెట్టిన చోట ఆరు గంటలకోసారి రీడింగ్ వస్తుంది. మీ మండలం ఎంచుకుని, పొలానికి దగ్గరగా ఉన్న ఒకటి రెండు స్టేషన్ల డేటా డౌన్‌లోడ్ చేసుకోండి.

బుడ్డశనక్కాయ:
చాలా థాంక్స్ సార్. ఒక స్టేషన్ దొరికింది. అంకె ఒకచోట 9, ఇంకోచోట 23 అని ఉంది. 9 నుంచి 23కు పెరిగిందంటే నీళ్లు పెరిగినట్టేనా?

నీటిమట్టం రిటైర్డ్:
కాదు బాబూ, తగ్గినట్టు. ఆ అంకె నేల మీది నుంచి నీళ్ల దాకా ఉన్న లోతు, అదీ మీటర్లలో. 9 మీటర్లంటే దాదాపు 30 అడుగులు, 23 అంటే 75 అడుగులు. అంకె పెరిగితే నీళ్లు కిందికి పోయినట్టు. కొన్ని సైట్లలో గ్రాఫును తలకిందులుగా గీస్తారు, కొన్నింటిలో గీయరు. అందుకే ముందు ఎడమ పక్క గీత మీద సున్నా పైనుందా కిందుందా చూసుకోండి.

ఇంకో సంగతి. నవంబరు అంకెను మే అంకెతో పోల్చి కంగారు పడొద్దు. ఆ తేడా ఏటా ఉండేదే. ఒక కాగితం మీద మే నెల రీడింగులు మాత్రం ఏడాది వరసలో రాసుకోండి. 2020 నుంచి 2022 దాకా రాయలసీమలో వానలు దంచి కొట్టాయి, ఆ మూడేళ్లు ఎవరి బోరు చూసినా ముద్దొస్తుంది. 2018లో కరువు. కాబట్టి 2019 మేలో మట్టం ఎక్కడుందో అదీ అసలు పరీక్ష. ఆ తర్వాత మంచి వానలకు ఎంత త్వరగా పైకొచ్చిందో చూడండి. కరువులో పడి, ఒకట్రెండు వానాకాలాల్లో లేచిందంటే ఆ ప్రాంతంలో నీళ్లు ఇంకుతున్నాయి. మంచి వానలు పడ్డా పాత మట్టం అందుకోలేదంటే తోడేది ఎక్కువైందని అర్థం.

గ్రాఫులో గీత రంపపు పళ్లలా ఎగుడుదిగుడుగా ఉంటే పక్కనే ఎవరిదో మోటారు నడుస్తోందన్నమాట. నెలల తరబడి ఒకే అంకె గీత గీసినట్టు ఉంటే సెన్సర్ పాడైంది, ఆ ముక్క వదిలేయండి. పీజోమీటర్ ఎక్కడుందో కూడా మ్యాపులో దగ్గరికి జరిపి చూడండి. చాలావరకు మండలాఫీసు ఆవరణలోనో బడి ఆవరణలోనో ఉంటాయి. చుట్టూ తోటలకు నీళ్లు తోడే చోట మట్టం దానికంటే కిందికే ఉంటుంది.

ధర్మవరం చేనేత:
జిల్లా పేరు దగ్గర చాలామంది ఆగిపోతారు, అందుకే చెబుతున్నా. కదిరి ఇప్పుడు శ్రీసత్యసాయి జిల్లా, 2022 ఏప్రిల్‌లో విడదీశారు. పాత రికార్డులన్నీ అనంతపురం కిందే ఉంటాయి. తెలంగాణలో ఇంకా కష్టం, 10 జిల్లాలు 33 అయ్యాయి. మండలం స్పెల్లింగు కూడా ఒక్కో సైటులో ఒక్కో రకం. పేరుతో దొరక్కపోతే మ్యాపు మీద వేలుపెట్టి వెతకడమే మేలు.

మా అనంతపురం జిల్లాలో ఒకప్పుడు ఈ లెక్క గోడల మీదే ఉండేది. ఏపీఎఫ్ఏఎంజీఎస్ అని ఏడు జిల్లాల్లో ఒక ప్రాజెక్టు నడిచింది, ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ ఎఫ్ఏఓ సాయం చేసింది. రైతులే పదిహేను రోజులకోసారి బోర్లలో మట్టం కొలిచి, వానమాని చూసి, ఊళ్లో బోర్డు మీద రాసేవాళ్లు. రబీకి ముందు కూర్చుని, ఉన్న నీళ్లెన్ని, ఏ పంట ఎన్నెకరాలు వేయొచ్చు అని లెక్క కట్టేవాళ్లు. మీరు కొనే ఊరు అందులో ఉందేమో పెద్దవాళ్లను అడగండి. ఆ బోర్డుల్లో రాసిన అంకెల పుస్తకాలు కొందరి ఇళ్లలో ఉండొచ్చు.

దస్తావేజు అక్క:
నేను రిజిస్ట్రేషన్ కాగితాల వైపు నుంచి చెబుతా. ఏపీ భూమి రికార్డుల సైటు మీభూమిలో ఆ సర్వే నంబరు అడంగల్, అంటే సాగు వివరాల రికార్డు తీయండి, అందులో జలాధారం అని ఒక గడి ఉంటుంది. బోరు, బావి, చెరువు, వర్షాధారం, ఏదో ఒకటి రాసి ఉంటుంది. మూడు బోర్లున్నాయని చెప్పే పొలానికి అక్కడ వర్షాధారం అని ఉంటే నిలదీసి అడగాల్సిందే. అయితే వీఆర్వోలు ఏటా మార్చకుండా పాతదే దించేసిన కేసులూ ఉంటాయి, ఆ ఒక్క గడి చూసి బేరం మానుకోకండి.

అంతకంటే ముఖ్యం ఈసీ, అంటే ఆ భూమి మీద జరిగిన రిజిస్ట్రేషన్ల జాబితా. ఆన్‌లైన్‌లో 1983 నుంచి దొరుకుతుంది. అందులో కనపడిన పాత దస్తావేజుల నకళ్లు తీయించి ఆస్తి వివరం భాగం చదవండి. అన్నదమ్ములు పంచుకున్న భూముల్లో బావి మాత్రం ఉమ్మడిగా ఉంచుకుంటారు. బావిలో నాలుగో వంతు వాటా, వంతుల ప్రకారం తోడుకునే హక్కు, కాలువ వెంట నీళ్లు పారించుకునే దారి, ఇవన్నీ ఆ పేరాలోనే ఉంటాయి. మీకు చూపించిన బోరు ఆ వాటా బావి పక్కనే, లేదా బావిలోనే వేసింది అయితే రేపు పక్కవాటాదారు వచ్చి నాకూ హక్కుందంటాడు. మా ఊళ్లో ఒక మామిడి తోట కొన్నవాళ్లకు సరిగ్గా ఇదే జరిగింది, కేసు ఇంకా నడుస్తోంది.

అనుమతి కాగితాలు కావాలంటే తహసీల్దారు ఆఫీసుకు సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. ఏపీలో మండల స్థాయిలో ఫీజు 5 రూపాయలే. 30 రోజుల్లో జవాబివ్వాలి. 'ఈ సర్వే నంబర్లలో వాల్టా కింద ఇచ్చిన బోరు అనుమతుల నకళ్లు, జియాలజిస్టు నివేదికతో సహా' అని అడగండి. ఏమీ లేవు అని వచ్చినా అది మీకు పనికొచ్చే జవాబే.

ఫ్రిస్కో మావయ్య:
మేం డాలస్‌కు ఉత్తరాన కొంచెం స్థలం కొన్నప్పుడు ఈ పని రాత్రి భోజనాలయ్యాక సోఫాలో కూర్చుని అయిపోయింది. టెక్సస్‌లో బోరు వేసినవాడే 60 రోజుల్లోగా రాష్ట్రానికి రిపోర్టు ఇవ్వాలి. వాటర్ డెవలప్‌మెంట్ బోర్డు మ్యాపులో చుక్క నొక్కితే లోతు, కేసింగ్, ఎన్ని అడుగుల దగ్గర ఏ మట్టి, ఏ రాయి తగిలింది, వేసిన రోజు నీటిమట్టం, అన్నీ వస్తాయి. 2001 తర్వాత వేసినవి చాలావరకు దొరుకుతాయి. చుట్టుపక్కల బోర్లన్నీ చూస్తే నీళ్లు ఏ లోతులో ఉన్నాయో మనకే అర్థమవుతుంది. అన్నిచోట్లా ఇలా లేదు. కాలిఫోర్నియాలో ఈ రిపోర్టులు 2015 దాకా జనానికి చూపించేవాళ్లు కాదు, కరువు ముదిరాక చట్టం మార్చారు.

పాలమూరు పోరడు:
మావయ్యా, ఇక్కడ అట్లాంటి రిపోర్టు అడిగితే బోరు బండాయన నవ్వుతడు. ఆయన రాసేదల్లా బిల్లు మీద అడుగుల లెక్క.

బుడ్డశనక్కాయ, ఆ బిల్లు అడగండి అమ్మేవాళ్లను. ఎన్ని అడుగులు తొలిచారు, ఎంత కేసింగ్ వేశారు, తేదీ, అన్నీ ఉంటాయి. చాలామంది దాచిపెట్టుకుంటరు. ఇంకోటి, కరెంటు సర్వీస్ నంబరు. అది తీసుకుని డిస్కం, అంటే కరెంటు కంపెనీ సైట్లో కొట్టు, ఎవరి పేరు మీదుంది, ఎంత లోడు అనేది వస్తది. 900 అడుగుల బోరు అని చెప్పి 5 హెచ్‌పీ సర్వీసు చూపించి రెండించులు పోస్తుందంటే నమ్మొద్దు.

నీటిమట్టం రిటైర్డ్:
చివరి మాటకు చిన్న సవరణ. బోరు 900 అడుగులు తొలిచినా నీళ్లు లేచి 200 అడుగుల దగ్గర నిలబడొచ్చు. మోటారు ఎత్తేది నీళ్లు నిలబడ్డ చోటి నుంచే. నీళ్లు నిజంగా 900 అడుగుల కిందుంటే 5 హెచ్‌పీతో గంటకు రెండు, రెండున్నర వేల లీటర్లు వస్తే గొప్ప. 200 అడుగుల నుంచైతే పదివేల దాకా వస్తుంది. కాబట్టి అమ్మేవాళ్లను అడగాల్సింది బోరు లోతు ఒక్కటే కాదు, పైపులు ఎన్ని దించారు, రెండు గంటలు నడిచాక నీళ్లు ఎక్కడికి దిగుతాయి అన్నది.

మీ ప్రాంతమంతా గ్రానైటు, నైసు రాళ్లు. నీళ్లుండేది పైనున్న మెత్తబడ్డ పొరలో, కింద బండలోని పగుళ్లలో. పగులు తగిలిన బోరుకు నీళ్లు, ఇరవై అడుగుల అవతల వేసిన బోరుకు దుమ్ము. అందుకే మూడింటిలో ఒకటి ఎండింది. ఆన్‌లైన్ అంకెలు ఊరి మొత్తం మట్టం చెబుతాయి, మీ పగులు సంగతి చెప్పవు.

ఇన్-గ్రెస్ అని కేంద్ర భూగర్భజల మండలి, ఐఐటీ హైదరాబాద్ కలిసి చేసిన సైటు ఉంది, అందులో మీ మండలం ఏ కోవలో ఉందో కూడా చూడండి. ఏటా ఇంకే నీళ్లలో 70 శాతం లోపు తోడుతుంటే సేఫ్, 100 దాటితే ఓవర్ ఎక్స్‌ప్లాయిటెడ్. అలా దాటి వాల్టా కింద నోటిఫై అయిన ఊరైతే సాగుకు కొత్త బోరు అనుమతి దొరకదు. ఉన్న రెండూ ఎండితే మీరేం చేస్తారో అప్పుడు ఆలోచించుకోవాలి.

ధర్మవరం చేనేత:
గూగుల్ ఎర్త్ కంప్యూటర్లో పెట్టుకుని పాత ఫొటోలు వెనక్కి జరిపి చూడు. మార్చి, ఏప్రిల్ నెలల ఫొటోలు మాత్రమే. కరువేళ్ల వేసవిలో కూడా ఆ ఐదెకరాల్లో పచ్చగా కనపడితే నీళ్లున్నట్టే. ఇంతగా పనికొచ్చే బోరు రికార్డు ఏ ఆఫీసులోనూ దొరకదు.

ఉప్పుటేరు ఒడ్డు:
మాది భీమవరం వైపు. మాకు ఇలాంటి టెన్షన్ లేదు, పదడుగులకే నీళ్లు. తాగడానికే పనికిరావు, ఉప్పు. కాబట్టి మట్టం చూసి ఊరుకోకండి, నీటి పరీక్ష కూడా చేయించండి. మీ వైపు ఫ్లోరైడ్ బెడద, లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే తాగకూడదు.

బుడ్డశనక్కాయ:
అందరికీ చాలా థాంక్స్. ఇప్పటిదాకా తేలినవి: దగ్గరి పీజోమీటర్‌లో 2019 మే బాగా కిందికి పోయి, 2021కి లేచింది. గూగుల్ ఎర్త్‌లో ఒక మూల ఎకరంన్నర దాకా ప్రతి వేసవీ పచ్చగా ఉంది, మిగతాది ఎర్రమట్టే. సర్వీసు ఒక్కటే ఉంది, అదీ అమ్మేవాళ్ల తమ్ముడి పేరు మీద. బేరం ఇంకా పోలేదు. మార్చిలో మళ్లీ వెళ్లి రెండు మోటార్లూ వేయించి చూస్తామన్నాం, వాళ్లు ఒప్పుకున్నారు. ఈలోపు అడ్వాన్సు అడుగుతున్నారు.

దస్తావేజు అక్క:
సర్వీసు తమ్ముడి పేరు మీదుంటే పంపకం ఎలా జరిగిందో ముందు తేల్చుకో, ఆ తమ్ముడు కూడా సంతకం పెట్టాలి. అడ్వాన్సు ఇస్తే అగ్రిమెంటులో మూడు బోర్లూ విడివిడిగా, ఏ సర్వే నంబరులో ఎక్కడున్నాయో హద్దులతో రాయించు. సర్వీసు పేరు మార్పు ఖర్చు ఎవరిదో, మార్చిలో నీళ్లు రాకపోతే అడ్వాన్సు ఎన్నాళ్లలో వెనక్కిస్తారో కూడా అందులోనే ఉండాలి. నోటిమాట మీద ఒక్క రూపాయి ఇవ్వకు.