ప్రతి ఫోల్డరూ డీటెయిల్స్ వ్యూలోనే ఓపెన్ అవ్వాలి, దారేంటి?

సగం_నిద్ర
విండోస్ 11 వాడుతున్నా. ఏ ఫోల్డర్ తెరిచినా డీటెయిల్స్ వ్యూలో, కొత్త ఫైల్ పైన ఉండేలా రావాలి, అంతే నా కోరిక. ఒకదానికి సెట్ చేస్తే పక్కదానికి ఉండదు, రేపు చూస్తే మొదటిదానికీ ఉండదు. పీడీఎఫ్‌లున్న ఫోల్డర్‌లో కొన్ని ఎంపీత్రీలు పడేశా, కాలమ్స్ మారిపోయి ఆల్బమ్ అంటోంది, కాంట్రిబ్యూటింగ్ ఆర్టిస్ట్స్ అంటోంది. డౌన్‌లోడ్స్‌లో ఏమో టుడే, లాస్ట్ వీక్ అని గుంపులు కట్టి పెడుతోంది. పైగా నేమ్ కాలమ్ ఎప్పుడూ ఇరుకే, పేరు సగం చుక్కల్లో పోతుంది, రోజంతా దాన్ని లాగడమే నా పని. సేవ్ యాజ్ బాక్స్ ఇంకో గొడవ. ఇవన్నీ ఒక దెబ్బకి తేలేలా ఏమన్నా ఉందా?

గుంపు_వద్దు
డౌన్‌లోడ్స్ గుంపుల బాధ నాదీ. 2019లో విండోస్ 10కి 1903 అప్‌డేట్ వచ్చినప్పటి నుంచీ ఇదే వరస. నేనెప్పుడు దించుకున్నానో దానికెందుకు, నాకు పేరు వరసలో కావాలి. ఖాళీ చోట రైట్ క్లిక్ కొట్టి గ్రూప్ బై, నన్. అయిపోయింది. మిగతా ఫోల్డర్ల సంగతి తెలీదు, నా బతుకంతా డౌన్‌లోడ్స్‌లోనే.

మెల్లగా_చెప్తా
సగం_నిద్ర గారూ, ముందు ఒక ఫోల్డర్‌ని మీకు నచ్చినట్టు పెట్టుకోండి. తర్వాత పైన మూడు చుక్కలు, ఆప్షన్స్, అందులో వ్యూ ట్యాబ్, "అప్లై టు ఫోల్డర్స్" నొక్కండి. కాకపోతే అందరూ బోల్తా పడేది ఇక్కడే, అది అన్ని ఫోల్డర్లకీ కాదు, ఆ రకం ఫోల్డర్లకి మాత్రమే. ఫోల్డర్లు చూపించే ఎక్స్‌ప్లోరర్ లెక్కలో మామూలు ఫోల్డర్ అంటే ఐదు రకాలు, జనరల్ ఐటమ్స్, డాక్యుమెంట్స్, పిక్చర్స్, మ్యూజిక్, వీడియోస్. లోపల ఏమున్నాయో చూసి రకం అదే అనేసుకుంటుంది, మీ పీడీఎఫ్‌ల ఫోల్డర్ మ్యూజిక్ అయిపోయింది అందుకే. ఫోల్డర్ ప్రాపర్టీస్‌లో కస్టమైజ్ ట్యాబ్‌కి వెళ్లి జనరల్ ఐటమ్స్ అని మార్చండి, సబ్‌ఫోల్డర్లకీ అని కింద ఒక టిక్ ఉంటుంది, అదీ పెట్టండి. డౌన్‌లోడ్స్ మళ్లీ వేరే జాతి, దానికి విడిగా చెయ్యాలి.

సగం_నిద్ర
అప్లై టు ఫోల్డర్స్ బూడిద రంగులో ఉందండీ, ఎంత నొక్కినా ఉలుకూ పలుకూ లేదు.

మెల్లగా_చెప్తా
హోమ్‌లోనో దిస్ పీసీలోనో ఉండి నొక్కుతున్నట్టున్నారు. అక్కడ అది పనిచెయ్యదు. ఒక అసలు ఫోల్డర్ లోపలికి వెళ్లి చూడండి.

రిజిస్ట్రీ_రంగడు
ఒక్కో రకానికీ ఒక్కోసారి చేసుకుంటూ కూర్చోండి మీరు. నేను ఎక్స్‌పీ రోజుల నుంచీ ఈ రోగానికి మందు వేస్తున్నా. విండోస్ తన సెట్టింగులన్నీ దాచుకునే రిజిస్ట్రీని రిజిస్ట్రీ ఎడిటర్‌లో తెరవండి. కరెంట్ యూజర్ కింద సాఫ్ట్‌వేర్, క్లాసెస్, లోకల్ సెట్టింగ్స్, సాఫ్ట్‌వేర్, మైక్రోసాఫ్ట్, విండోస్, షెల్ దాకా దిగితే బ్యాగ్స్, బ్యాగ్‌ఎంఆర్‌యూ అని రెండు కీలుంటాయి. ఏ ఫోల్డర్ ఎలా కనపడాలో దాని జ్ఞాపకం మొత్తం అక్కడే. రెండూ ఎక్స్‌పోర్ట్ చేసి దాచుకుని డిలీట్ కొట్టండి. మళ్లీ బ్యాగ్స్ చేసి దాని కింద ఆల్‌ఫోల్డర్స్, దాని కింద షెల్, అందులో ఫోల్డర్‌టైప్ అనే స్ట్రింగ్, విలువ నాట్‌స్పెసిఫైడ్, మధ్యలో స్పేస్ లేకుండా. టాస్క్ మేనేజర్‌లో ఎక్స్‌ప్లోరర్ రీస్టార్ట్. ఇక లోపల ఏమున్నాయో వాసన చూడడం మానేస్తుంది. రేపటికి మర్చిపోతోంది అన్నారు కదా, ఆ జ్ఞాపకానికీ ఒక హద్దుంది, మామూలుగా 5000 ఫోల్డర్లు, అది దాటితే పాతవి రాలిపోతాయి. ఇది తెలియని వాళ్లు సలహాలివ్వకపోతే మేలు.

మెల్లగా_చెప్తా
నేను చెప్పిందాంట్లో తప్పేముందో అది చెప్పండి ముందు.

ఫోటోల_పెట్టె
అసలు "కొత్త ఫైల్ పైన" అంటే ఏ డేట్ ప్రకారం? అది తేల్చుకోకుండా ఎన్ని బటన్లు నొక్కితే ఏం లాభం. డేట్ మోడిఫైడ్ పెట్టుకుంటే పాత ఫోటో కాస్త తిప్పి సేవ్ చేసినా పైకొచ్చి కూర్చుంటుంది. డేట్ క్రియేటెడ్ పెట్టుకోండి, పుట్టిన తేదీ పుట్టిన తేదీనే, మారదు.

కాపీ_పేస్ట్_బాధితుడు
మారదా??? అక్కా ఆ మాట నమ్మే నేను పాత డిస్క్ లోంచి పదేళ్ల ఫైళ్లు కొత్త డిస్క్‌కి కాపీ కొట్టి క్రియేటెడ్ ప్రకారం పెట్టుకున్నా, ఒకటీ రెండూ కాదు అన్నీ ఆ రోజే పుట్టినట్టు చూపించింది. కాపీ చేస్తే క్రియేటెడ్ ఆ క్షణం అవుతుంది, మోడిఫైడ్ పాతదే ఉంటుంది. ఫైల్ పుట్టకముందే మారినట్టు లెక్క. మోడిఫైడే నమ్మకం.

ఫోటోల_పెట్టె
నేను కాపీలు చెయ్యను. కెమెరా నుంచి నేరుగా దించుకుంటా. మీరు అడ్డదిడ్డంగా కాపీలు కొట్టి కాలమ్‌ని తిడితే ఎలా.

కాపీ_పేస్ట్_బాధితుడు
కెమెరా కార్డు నుంచి దించుకోవడం కాపీ కాక మరేంటండీ?

ఫోటోల_పెట్టె
తీసిన రోజే దించుకుంటా కాబట్టి తేదీ ఒకటే అవుతుంది. మీ వెటకారం మీ దగ్గరే ఉంచుకోండి.

మెల్లగా_చెప్తా
ఇద్దరూ కాస్త ఆగండి. ఫోటోకి అసలు తీసిన తేదీ ఫైల్ లోపలే ఎక్జిఫ్‌లో, అంటే కెమెరా రాసిపెట్టే వివరాల్లో ఉంటుంది, కాలమ్ హెడ్డింగ్ మీద రైట్ క్లిక్ చేసి డేట్ టేకెన్ తెచ్చుకోండి. కాపీ చేసినా చెడదు. చాట్ యాప్‌లలో పంపించుకున్న ఫోటోల్లో మాత్రం అది చాలాసార్లు ఊడిపోతుంది.

రిజిస్ట్రీ_రంగడు
క్రియేటెడ్ మీద అంత నమ్మకం ఉన్నవాళ్లకి ఒక పరీక్ష. ఎన్‌టీఎఫ్ఎస్ (విండోస్ మామూలుగా వాడే ఫార్మాట్) డిస్క్‌లో ఒక ఫైల్ డిలీట్ చేసి, 15 సెకన్ల లోపు అదే పేరుతో అక్కడే కొత్తది చెయ్యండి. కొత్త ఫైల్‌కి చచ్చిపోయినదాని పుట్టిన తేదీ వస్తుంది. దీన్ని టన్నెలింగ్ అంటారు.

ఫోటోల_పెట్టె
15 సెకన్లలో డిలీట్ చేసి మళ్లీ చేసే పని ఎవరికుంటుంది సార్?

రిజిస్ట్రీ_రంగడు
పాత ఫైల్ తీసేసి అదే పేరుతో మళ్లీ రాసే ప్రోగ్రాములు అలాగే సేవ్ చేస్తాయి మేడమ్. మీకు కనపడదంతే.

సగం_నిద్ర
నేను ఫోటోల గురించి అడగలేదండీ, పీడీఎఫ్‌లు. మోడిఫైడే పెట్టుకున్నా. కానీ లోపలి సబ్‌ఫోల్డర్‌లో ఇవాళే ఫైల్ పెట్టినా పై ఫోల్డర్ మాత్రం అడుగున ఎక్కడో ఉంటోంది, ఎందుకో?

కాపీ_పేస్ట్_బాధితుడు
ఫోల్డర్‌కి డేట్ మారేది నేరుగా దాని లోపల ఏదన్నా చేరితే, పోతే, పేరు మారితేనే. మనవడి ఇంట్లో పెళ్లయితే తాతకి కబురు వెళ్లదు.

డాల్ఫిన్_ఈత
ఈ రిజిస్ట్రీ పూజలు చూస్తుంటే జాలేస్తోంది. లైనక్స్‌లో నేను వాడే ఫైల్ మేనేజర్ డాల్ఫిన్, దాని సెట్టింగ్స్‌లో అన్ని ఫోల్డర్లకీ ఒకే డిస్‌ప్లే స్టైల్, లేకపోతే ఒక్కోదానికి ఒక్కోటి గుర్తుపెట్టుకో, ఈ రెండిట్లో ఒకదానికి చుక్క పెడితే చాలు. ఒక్క చుక్క.

యాపిల్_మామ
మ్యాక్‌లో ఫోల్డర్లు చూపించే ఫైండర్‌లో కూడా ఇంతే, కమాండ్ జె నొక్కి కింద యూజ్ యాజ్ డిఫాల్ట్స్. ఇంతకుముందు విడిగా మార్చుకున్న ఫోల్డర్లు మాత్రం వాటి పంతం వాటిదే. ఫోల్డర్ల సైజు కూడా లెక్కేసి చూపిస్తుంది, మీ ఎక్స్‌ప్లోరర్‌లో ఫోల్డర్ ఎదురుగా సైజు కాలమ్ ఖాళీ కదా పాపం.

కాపీ_పేస్ట్_బాధితుడు
మామా, నువ్విచ్చిన పెన్‌డ్రైవ్‌లో ప్రతి ఫోల్డర్‌లోనూ డాట్ డీఎస్ స్టోర్ అని ఒక ఫైల్ దాక్కుని ఉంటుంది, మీ ఫైండర్ జ్ఞాపకం అంతా అదే. ముందు అది ఊడ్చి మాట్లాడు.

డాల్ఫిన్_ఈత
హహ, డాల్ఫిన్‌ని ఒక్కో ఫోల్డర్ గుర్తుపెట్టుకోమంటే అదీ ఒకప్పుడు డాట్ డైరెక్టరీ అని ఫైల్ పెట్టేది, ఆ సంగతి ఒప్పుకుంటా.

నెమో_వైపు
లైనక్స్ అంతా సుఖం అన్నట్టు చెప్పకు బ్రో. లైనక్స్‌లోనే ఇంకో ఫైల్ మేనేజర్ నాటిలస్, దాని 3.6 వచ్చినప్పుడు, 2012లో, కాంపాక్ట్ వ్యూ తీసేశారు, ఎఫ్3 నొక్కితే వచ్చే రెండో పేన్ తీసేశారు. నేను రోజూ వాడేవి ఆ రెండే. లైనక్స్ మింట్ వాళ్లు నెమో అని వేరే ఫైల్ మేనేజర్ చేసి ఉండకపోతే టెర్మినల్‌లోనే బతికేవాణ్ణి. ఇప్పటికీ తలుచుకుంటే ఒళ్లు మండుతుంది.

చెయ్యి_జారింది
రంగడు గారూ మీరు చెప్పింది చేశా, డెస్క్‌టాప్ మీద నేను ఏళ్ల తరబడి సర్దుకున్న ఐకాన్లు అన్నీ ఎడమవైపు వరసగా నిలబడ్డాయి!! ఏ మూల ఏముందో కళ్లు మూసుకుని క్లిక్ చేసేవాణ్ణి. ఇప్పుడేంటి నా గతి?

రిజిస్ట్రీ_రంగడు
నేను చెప్పిన దారిలో క్లాసెస్, లోకల్ సెట్టింగ్స్ ఉన్నాయి. అవి లేకుండా నేరుగా సాఫ్ట్‌వేర్, మైక్రోసాఫ్ట్, విండోస్, షెల్ కింద ఇంకో బ్యాగ్స్ ఉంటుంది, డెస్క్‌టాప్ సర్దుబాటు అందులో ఉంటుంది. అది కూడా లేపేసి ఉంటారు. ఎక్స్‌పోర్ట్ చేసుకున్నారా?

చెయ్యి_జారింది
చేసుకోలేదు. రెండు చోట్లా ఒకే పేరు పెడితే మనిషన్నవాడికి ఎలా తెలుస్తుంది సార్.

మెల్లగా_చెప్తా
అందుకే నేను మామూలు దారి చెప్పా. ఎవరూ వినలేదు.

రిజిస్ట్రీ_రంగడు
దాచుకోమని స్పష్టంగా రాశా. చదవకుండా డిలీట్ కొట్టేవాడికి మామూలు దారి అయినా ఒకటే.

సగం_నిద్ర
నేను రెండూ కలిపి చేశా. రంగడు గారు చెప్పిన ఫోల్డర్‌టైప్ పెట్టి (ఎక్స్‌పోర్ట్ చేసుకునే), ఆ తర్వాత మెల్లగా గారు చెప్పినట్టు అప్లై టు ఫోల్డర్స్. డి డ్రైవ్ మొత్తం డీటెయిల్స్‌లో వస్తోంది, ఆల్బమ్ గోల పోయింది. ఇద్దరికీ థ్యాంక్స్. నేమ్ కాలమ్ ఇరుకు గురించి మాత్రం ఎవరూ ఎత్తలేదు.

నెమో_వైపు
కాలమ్ గీత మీద డబుల్ క్లిక్.

యాపిల్_మామ
ఎక్స్‌ప్లోరర్‌లో కంట్రోల్ పట్టుకుని నంబర్ ప్యాడ్ మీద ప్లస్ కొడితే అన్ని కాలమ్స్ సరిపోతాయి. నేనూ ఒకప్పుడు మీ పక్షమే.

సగం_నిద్ర
నా ల్యాప్‌టాప్‌కి నంబర్ ప్యాడ్ లేదు మామా.

మెల్లగా_చెప్తా
హెడ్డింగ్ మీద రైట్ క్లిక్, "సైజ్ ఆల్ కాలమ్స్ టు ఫిట్". అది అప్పటికప్పుడే. ఎప్పటికీ ఉండాలంటే చేత్తో వెడల్పు చేసుకుని ఇంకోసారి అప్లై టు ఫోల్డర్స్ కొట్టండి.

సగం_నిద్ర
పనిచేసింది! సేవ్ యాజ్ మాత్రం ఇంకా పెద్ద ఐకాన్లతోనే వస్తోంది.

రిజిస్ట్రీ_రంగడు
దాని జ్ఞాపకం వేరు. బ్యాగ్స్ లోనే కామ్‌డీఎల్‌జీ అని విడిగా రాసుకుంటుంది. ఆ బాక్స్ తెరిచి అందులోనే కంట్రోల్ షిఫ్ట్ 6 కొట్టండి, డీటెయిల్స్ అవుతుంది. ఫోల్డర్ ఫోల్డర్‌కీ కొట్టుకోవాలి, దానికి మాత్రం నా దగ్గరా ఒక దెబ్బ మందు లేదు.

గుంపు_వద్దు
డౌన్‌లోడ్స్‌లో మళ్లీ లాస్ట్ వీక్ అని వచ్చింది నాకు. ఎవరన్నా ఉన్నారా?