పద్మిని బంపర్: పాతదానికే మళ్లీ క్రోమ్ వేయించాలా, స్టెయిన్‌లెస్‌ది బిగించాలా?

నాచారం ఫియట్:
బండి 1978 ప్రీమియర్ పద్మిని. ముందు బంపర్ కింది అంచు పొడవునా తుప్పు, ఎడమ బ్రాకెట్ దగ్గర క్రోమ్ పెచ్చులుగా లేస్తోంది. వెనకది పైకి బాగుంది గానీ లోపలి వైపంతా ఎర్రగా ఉంది. విప్పడం, బిగించడం ఇంట్లోనే, ఇద్దరం కలిసి చేస్తాం. పాతవి స్క్రాప్‌కి వేసేసి స్టెయిన్‌లెస్‌వి పెట్టెయ్, ఇక తుప్పు మాటే ఉండదు అని మెకానిక్ సలహా. ఏది మేలో కారణంతో చెప్పండి.

క్రోమ్ పక్షం:
స్క్రాప్‌కి మాత్రం వేయొద్దన్నా. మొదట రంగు సంగతి. క్రోమ్‌లో కొంచెం నీలం ఛాయ ఉంటుంది, స్టెయిన్‌లెస్ ఎంత బఫింగ్ చేసినా కాస్త పసుపు వైపే ఉంటుంది. గ్రిల్, హెడ్‌లైట్ రింగులు, వీల్ కప్పులు క్రోమ్‌వి ఉంచి బంపర్ ఒక్కటి మారిస్తే ఎండలో తేడా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది.

పైన మెరిసే క్రోమ్ పొర అర మైక్రాన్ (మైక్రాన్ అంటే మిల్లీమీటర్‌లో వెయ్యో వంతు) కూడా ఉండదు. తుప్పును ఆపేది దాని కిందున్న నికెల్. నికెల్ పల్చగా పడితే దాని సూదిమొన రంధ్రాల గుండా నీళ్లు ఇనుముకు చేరతాయి, పెచ్చులు లేస్తాయి. కాబట్టి ప్లేటింగ్ షాపులో "మెరుపు బాగా రావాలి" అని చెప్పి ఊరుకుంటే లాభం లేదు. పాత పొర పూర్తిగా తీయాలి, డెంట్లు సరిచేయాలి, రాగి వేసి బఫ్ కొట్టాలి, ఆపైన నికెల్ కనీసం 25 నుంచి 30 మైక్రాన్లు, చివర క్రోమ్. ఈ వరస కాగితం మీద రాయించుకో. కింద సెమీ బ్రైట్ (మెరుపు తక్కువది), పైన బ్రైట్ (బాగా మెరిసేది) అని నికెల్ రెండు పొరలు వేసే షాపు దొరికితే ఇంకా మంచిది. తుప్పు ఇనుము దాకా దిగకుండా పై పొరలోనే అడ్డంగా పాకుతుంది. రాగి ఎగ్గొట్టి నేరుగా నికెల్ వేస్తే గుంటలు గుంటల్లాగే మెరుస్తాయి.

రాణీగంజ్ బోల్టు:
క్రోమ్ పక్షం గారు, మీరు చెప్పిన వరసలో తప్పు లేదు, కానీ రేకు మిగిలి ఉంటేనే కదా అదంతా. తుప్పు గుంట అర మిల్లీమీటర్ లోతుంటే, ఉపరితలం సమంగా రావాలంటే చుట్టూ చాలా మేర అరగదీయాలి. రాగితో పూడ్చడానికీ ఓ హద్దుంది. గట్టిగా బఫ్ చేసే కొద్దీ అంచుల గీత కరిగిపోతుంది, బోల్టు రంధ్రాలు సాగి కోలగా అవుతాయి. 304 గ్రేడు స్టెయిన్‌లెస్ రేకు తీసుకుంటే ఈ బాధ ఉండదు. వానాకాలం అయ్యాక ఒక్కసారి తుడిస్తే చాలు.

క్రోమ్ పక్షం:
ఆ 304 నిజంగా 304 అయితే. బజారులో నాసిరకం 202 గ్రేడు రేకుని 304 అని అంటగడతారు. అయస్కాంతం పెట్టి చూడండి అంటారు, ఆ పరీక్షతో ఏమీ తేలదు. 202 కూడా అయస్కాంతానికి అంటదు, పైగా అసలైన 304 వంపు తిప్పిన చోట కొద్దిగా అంటుతుంది. 202లో నికెల్ తక్కువ, మాంగనీస్ ఎక్కువ. స్క్రాప్ వాళ్ల దగ్గర బ్యాటరీతో చేసే చుక్కమందు పరీక్ష ఉంటుంది, మాంగనీస్ ఎక్కువ ఉంటే చుక్క ఎర్రబడుతుంది. బంపర్ లోపలి వైపు వేయించి చూసి డబ్బులివ్వండి. ఇంకో మాట, స్టెయిన్‌లెస్ అసలు లాభం విశాఖ లాంటి ఉప్పుగాలి ఊళ్లలో. హైదరాబాద్‌లో లోపలి వైపు సరిగా కాపాడితే మంచి నికెల్ చాలా కాలం నిలుస్తుంది.

బాలానగర్ లేత్:
ఇద్దరూ బంపర్ చూడకుండానే వాదిస్తున్నారు. నాచారం అన్నా, ముందు విప్పు. లోపలి వైపు వైర్ బ్రష్‌తో మట్టి, వదులు తుప్పు దులిపెయ్. చీకటి గదిలో వెనక నుంచి టార్చ్ వెయ్. వెలుతురు చుక్కలు ఒకటి రెండు చోట్లే ఉంటే వెల్డ్ పెట్టి అరగదీయొచ్చు. కింది అంచంతా చుక్కలైతే, లేదా సూది గుచ్చితే దిగితే, దాని మీద క్రోమ్‌కి డబ్బు పోయకు. వెనక బంపర్ బహుశా పనికొస్తుంది.

లోపలి వైపే ఎందుకు ముందు పోతుందంటే, ప్లేటింగ్ తొట్టిలో కరెంటు బయటి అంచులకు ఎక్కువ, లోపలి గుంతకు తక్కువ అందుతుంది. అక్కడ నికెల్ పేరుకే పడుతుంది. కొత్తగా ప్లేటింగ్ అయి వచ్చినా లోపల సన్నటి ఎమరీ కొట్టి, ఎపాక్సీ ప్రైమర్ రెండు కోట్లు, ఆపైన సిల్వర్ పెయింట్ వెయ్యాల్సిందే. ఈ ఒక్క పని వదిలేసేవాళ్లే ఎక్కువ.

నాచారం ఫియట్:
విప్పేటప్పుడు ఏం విరుగుతాయి? బోల్టులు కదిలేలా లేవు.

బాలానగర్ లేత్:
మొదట బంపర్‌కీ ఫెండర్‌కీ మధ్య ఎడం రెండు వైపులా కొలిచి రాసుకో, ఫొటోలు తీసుకో. ఫెండర్ మూలలకు మాస్కింగ్ టేప్ రెండు వరసలు. ముందురోజు రాత్రే బోల్టులకు తుప్పు వదిలించే నూనె పట్టించు, పొద్దున మళ్లీ పట్టించు. పద్మిని ఫియట్ డిజైన్ బండి కాబట్టి మెట్రిక్ (మి.మీ. కొలతల) స్పానర్లే, ఆరు మూలల సాకెట్ వాడు. పన్నెండు మూలలది తుప్పు నట్టు మీద జారి మూలలు గుండ్రం చేసేస్తుంది. గుండు తల బోల్టుకు తల కింద చదరపు మెడ ఉంటుంది. అది కూర్చునే చదరపు రంధ్రం సాగిందంటే నట్టుతో పాటు బోల్టూ తిరుగుతుంది. అప్పుడు బలవంతం చేయకుండా వెనక నుంచి నట్టు కోసెయ్. వెనక వైపు పెట్రోల్ ట్యాంకు ఉంది, అక్కడ గ్యాస్ మంట, గ్రైండర్ వద్దు, చేతి రంపమే.

బిగించేటప్పుడు చాలామంది తప్పు చేసేది వరసలో. బంపర్‌ను బ్రాకెట్లకు గట్టిగా బిగించేసి, ఆ తర్వాత బ్రాకెట్లను చాసిస్‌కి లాగుతారు. బ్రాకెట్ కొంచెం వంగి ఉంటే ఆ వంకర మొత్తం బంపర్ మీద పడుతుంది, మూల దగ్గర క్రోమ్ చిట్లుతుంది. అన్ని బోల్టులూ వేలితో పట్టే వరకే ఎక్కించు. ఒకరు బంపర్ పట్టుకుంటే ఇంకొకరు ఎడం కొలవాలి, తక్కువైన వైపు బ్రాకెట్ వెనక వాషర్లు వేసి సరిచేయాలి. ముందు చాసిస్ వైపు, తర్వాత బంపర్ వైపు, ఎడమ కుడి మార్చి మార్చి. 8.8 గ్రేడు (బోల్టు తల మీద రాసి ఉండే గట్టిదనం అంకె) 8 మి.మీ. బోల్టు అయితే టార్క్ రెంచ్‌తో 25 న్యూటన్ మీటర్ల బిగింపు చాలు.

రాణీగంజ్ బోల్టు:
స్టెయిన్‌లెస్ వైపు వెళ్లినా ఒక జాగ్రత్త. స్టెయిన్‌లెస్ బోల్టుకు స్టెయిన్‌లెస్ నట్టు పొడిగా వేసి ఎయిర్ గన్‌తో తిప్పితే మధ్యలోనే పట్టేస్తుంది, కోయడం తప్ప దారి ఉండదు. మరలు పట్టేయకుండా ఆపే యాంటీ సీజ్ పేస్టు రాసి చేత్తో నిదానంగా తిప్పాలి. బంపర్‌కీ మామూలు ఇనుప బ్రాకెట్‌కీ మధ్య రబ్బరు పలక పెట్టండి, లేకపోతే తడిలో బ్రాకెట్‌నే ముందు తుప్పు తినేస్తుంది. పాత బోల్టులకు మళ్లీ క్రోమ్ వేయించాలనుకుంటే 10.9 లాంటి గట్టి గ్రేడు వాటికి వద్దు. ప్లేటింగ్‌లో హైడ్రోజన్ చేరి పెళుసవుతాయి.

క్రోమ్ పక్షం:
వింటేజ్ (పాతకాలపు బండిగా) రిజిస్ట్రేషన్ ఆలోచన ఉందా అన్నా? 2021 కేంద్ర నిబంధనల ప్రకారం మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు దాటాలి, అంటే మీది 1978లోనే రిజిస్టర్ అయి ఉంటే 2028. చాసిస్, బాడీ షెల్, ఇంజిన్ మార్చకూడదు అనేది అందులో ముఖ్యమైన షరతు. బంపర్ ఆ జాబితాలో లేదు కానీ, బండి అసలు రూపంలో ఉండాలన్న మాట మాత్రం ఉంది. అందుకే పాతది పోయినా అదే ఆకారం కావాలి. బంపర్ ముందు బిగించే పైపుల గార్డు మాత్రం వద్దు, క్రాష్ గార్డులు కూడదని కేంద్రం 2017 డిసెంబర్‌లోనే రాష్ట్రాలకు రాసింది.

నాచారం ఫియట్:
ఆదివారం విప్పి టార్చ్ పరీక్ష చేస్తాం. వెనకది క్రోమ్‌కే. ముందుది పోయిందని తేలితే ముందు స్టెయిన్‌లెస్, వెనక క్రోమ్ పెట్టొచ్చా?

బాలానగర్ లేత్:
పెట్టొచ్చు, రెండూ ఒకేసారి కంటపడవు. కానీ ముందు గ్రిల్ పక్కనే రంగు తేడా తెలుస్తుంది కాబట్టి, అంతకంటే ఇంకో పాత పద్మిని బంపర్ వెతుకు. తుప్పు లేకుండా సొట్టలున్నది దొరికినా పరవాలేదు. సొట్ట డెంటర్ తీసేస్తాడు, తుప్పు తిన్న రేకును ఎవరూ తిరిగి తేలేరు.